నరకని చెట్టుకు కూలి

ఉగాండా పడమటి భాగంలో హొయిమా, కిబాలే అని రెండు జిల్లాలున్నాయి. అక్కడి చిన్న రైతుల్లో చాలామందికి పొలంతో పాటు కాస్త సొంత అడవి కూడా ఉంటుంది. పెద్దల కాలం నుంచి నరకకుండా మిగిలిన తునక అది. పిల్లవాడికి జ్వరం ముదిరి ఆస్పత్రికి పరిగెత్తాల్సి వచ్చినా, బడి ఫీజుకు గడువు దగ్గరపడినా ఆ రైతు చూపు ముందు ఆ చెట్ల మీదికే పోతుంది. మన పల్లెల్లో అక్కరకు మేకపోతునో దూడనో సంతకు తోలుకెళ్తారు కదా, అక్కడ ఆ పని చెట్టు చేస్తుంది. కలప వ్యాపారికి కబురు పెడితే చాలు, డబ్బు చేతికొస్తుంది. ఇంకొందరు బొగ్గు బట్టీలకు అమ్ముకుంటారు. మరికొందరు చెట్లు కొట్టేసి ఆ నేలను సాగులోకి తెచ్చుకుంటారు.

ఆ రైతును తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. చెట్టు అతనిది, నేల అతనిది, జ్వరంతో మూలుగుతున్న బిడ్డ అతనిది. అయితే ఆ చెట్టు పోతే కలిగే నష్టంలో అతని వాటా మాత్రం చాలా చిన్నది. ఆ చెట్ల మధ్య చింపాంజీలు బతుకుతున్నాయి. ఆ వేళ్లు పట్టి ఉంచిన మట్టి కొట్టుకుపోతే దిగువన వాగు పూడిపోతుంది. కాండంలో ఏళ్ల తరబడి దాగిన కర్బనం పొగై గాల్లో కలిస్తే దాని వేడి ఉగాండాకు, మనకు, అందరికీ తగులుతుంది. అమ్మిన సొమ్ము ఒక ఇంటికి చేరుతుంది, నష్టం మాత్రం ఆ ఇంటి ముఖం ఎన్నడూ చూడని కోట్ల మందికి పంపకమవుతుంది. ఆ కోట్ల మందిలో ఎవరూ వచ్చి ‘అయ్యా, ఈ చెట్టు ఉంచు, నీకు రావలసింది మేమిస్తాం’ అని అతనితో అనలేదు.

అలా అని చూడడమే ఈ అధ్యాయం విషయం. అడవినో, నీటినో, చేపనో నమ్ముకుని బతికేవాళ్లకు డబ్బిచ్చి ఆ వనరును కాపాడమని అడగడం. శాస్త్ర గ్రంథాలు దీన్ని పర్యావరణ సేవలకు చెల్లింపు అంటాయి. పేరు బరువుగా ఉన్నా సంగతి సులువే. మేలు పొందేవాడు, ఆ మేలు తన చేతుల్లో ఉన్నవాడికి కూలి ఇస్తాడు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ న్యూయార్క్ నగరం. 90 లక్షల మందికి పైగా తాగే ఆ నీళ్లలో అధికభాగం నగరానికి 200 కిలోమీటర్ల దూరం దాకా ఉన్న కాట్‌స్కిల్ కొండల నుంచి, డెలావేర్ నది పరీవాహకం నుంచి వస్తుంది. ఆ కొండల్లో పాడి రైతులుంటారు. ఆవుల పేడ వాన నీటితో పాటు వాగుల్లోకి దిగుతుంది. 1989లో అమెరికా ప్రభుత్వం, నదులు, చెరువుల నీళ్లు తాగే నగరాలన్నీ వాటిని వడపోసి తీరాలి, లేదా నీరు వచ్చే చోటే శుభ్రంగా ఉందని చూపించాలి అని నిబంధన పెట్టింది. వడపోత కేంద్రం కట్టాలంటే 600 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు, ఆపైన ఏటేటా నడిపే ఖర్చు. నగరం మొదట కొండల్లోని రైతుల మీద ఆంక్షలు పెట్టబోయింది. రైతులు మండిపడ్డారు. ఎవరో నగరవాసులు తాగే నీళ్లకోసం మా పశువులను మేమెందుకు కట్టేసుకోవాలి అన్నారు. ఆ మాటలో న్యాయముంది.

చర్చలు ఏళ్ల తరబడి సాగాయి. రైతులు తమ మండలిని తామే ఏర్పాటు చేసుకున్నారు. వాగు గట్టు వెంట కంచె, పేడ నిల్వకు గట్టి తొట్టి, పశువులకు వేరే నీటి వసతి లాంటివాటికి నగరం డబ్బు పెట్టింది. ఏ పొలంలో ఏం చేయాలన్నది మాత్రం రైతు, సాంకేతిక నిపుణుడు కూర్చుని తేల్చుకునేవారు. 1997లో పెద్ద ఒప్పందం కుదిరింది. ఆ వడపోత కేంద్రం ఇప్పటికీ కట్టలేదు. నీటి రుచికి డబ్బు పెట్టేవాడు, ఆ నీటి పుట్టుక దగ్గర నివసించేవాడు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు కాబట్టే అది సాధ్యపడిందని నా నమ్మకం.

నీటి విషయంలో లెక్క తేలిక. కొండ మీద కంచె వేస్తే కింద నీటిలో సూక్ష్మజీవులు తగ్గాయా లేదా అని పరీక్షలో కనపడుతుంది. అడవి దగ్గరికొచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. చెట్టు నరకనందుకు డబ్బిస్తున్నాం. డబ్బివ్వకపోయినా అతను ఆ చెట్టు నరికేవాడే కాదేమో? జరగని పనికి ఇచ్చే కూలి ఇది. జరగనిదాన్ని ఎలా లెక్కపెడతాం?

ఈ ప్రశ్న కోస్టారికాను చూస్తే బాగా అర్థమవుతుంది. మధ్య అమెరికాలోని ఈ చిన్న దేశం 1960, 70లలో పశువుల పెంపకానికి చవక అప్పులు ఇచ్చి, గొడ్డు మాంసం ఎగుమతికోసం అడవిని పచ్చిక బయళ్లుగా మార్చింది. 1980లకు దేశంలో అడవి పావు వంతుకు దగ్గరగా పడిపోయింది. 1996లో అటవీ చట్టం తెచ్చారు. మరుసటి ఏడాది నుంచి అడవి ఉంచుకున్న భూయజమానికి హెక్టారు లెక్కన ప్రభుత్వం డబ్బివ్వడం మొదలుపెట్టింది. ఆ డబ్బు ప్రధానంగా ఇంధనం మీద వేసిన పన్ను నుంచి వచ్చేది. కారు నడిపేవాడు పొగ వదులుతాడు కాబట్టి, ఆ పొగను పీల్చే చెట్టుకు అతనే కట్టాలన్నది అందులోని తర్కం. చట్టం అడవి చేసే నాలుగు సేవలను పేరు పెట్టి చెప్పింది: కర్బనాన్ని పట్టి ఉంచడం, నీటిని కాపాడడం, జీవవైవిధ్యం, చూడచక్కని ప్రకృతి. అందానికి చట్టంలో చోటిచ్చి డబ్బు కేటాయించిన దేశం అంటే నాకు గౌరవం.

ఈనాడు కోస్టారికాలో సగానికి పైగా నేల మళ్లీ అడవే. ఇంతకన్నా రుజువు ఏం కావాలి అనిపిస్తుంది. పరిశోధకులు అక్కడితో ఆగలేదు. డబ్బు అందుకున్న భూములను, అలాంటి నేలే ఉండి డబ్బు అందుకోని భూములతో పోల్చి చూశారు. తొలి సంవత్సరాల్లో ఈ చెల్లింపు వల్ల మాత్రమే నిలిచిన అడవి చాలా చిన్నదని తేలింది. కారణం వెతికితే దొరికింది. డబ్బుకు ముందుకొచ్చిన భూముల్లో చాలావరకు ఏటవాలువి, రోడ్డుకు దూరమైనవి, పంటకో పశువుకో పనికిరానివి. వాటిని ఎలాగూ ఎవరూ నరకబోయేవారు కాదు. 1980లలో మాంసం ధర పడిపోయాక పచ్చిక బయళ్ల మీద ఆశ అప్పటికే తగ్గింది. పైగా అదే 1996 చట్టం అడవిని వేరే వాడుకకు మార్చడాన్ని నిషేధించింది కూడా.

అయితే ఆ డబ్బంతా దండగా? కాదనే నేనంటాను. నిషేధం ఒక్కటే వచ్చి ఉంటే భూయజమానులు దాన్ని ఒప్పుకునేవారా అన్నది ఆలోచించాలి. నీ నేల మీద నీ హక్కు తగ్గిస్తున్నాం, అందుకు ఇంత ఇస్తున్నాం అంటే మనిషి వింటాడు. ఊరికే తగ్గిస్తే రాత్రిపూట గొడ్డలి తీస్తాడు. ఆ డబ్బు చట్టానికి ఊతమైంది. ఒక్కో భూమి ముక్క లెక్కలో ఈ ఫలితం కనపడదు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో మన తీరానికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇక ఉగాండాకు తిరిగి వద్దాం. జరగనిదాన్ని లెక్కపెట్టే మార్గం వైద్యశాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది. కొత్త మందు పనిచేసిందో లేదో తెలియాలంటే, ఒకే రకం రోగులను లాటరీ వేసి రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు మందిస్తారు, రెండోదానికి ఇవ్వరు. చివర్లో పోల్చుతారు. సీమా జయచంద్రన్ అనే ఆర్థికశాస్త్రవేత్త, ఆమె సహచరులు అడవి విషయంలో ఇదే చేశారు. హొయిమా, కిబాలేలలో 121 ఊళ్లు ఎంచుకున్నారు. లాటరీలో 60 ఊళ్లకు పథకం దక్కింది, 61 ఊళ్లకు దక్కలేదు. దక్కిన ఊళ్లలో సొంత అడవి ఉన్న రైతు చెట్లు నరకకుండా ఉంటే హెక్టారుకు ఏడాదికి 70,000 ఉగాండా షిల్లింగులు. అప్పటి లెక్కలో 28 డాలర్లు. మన డబ్బులో చెప్పాలంటే అప్పట్లో ఎకరానికి ఏటా సుమారు 600 రూపాయలు. రెండేళ్లు, 2011 నుంచి 2013 దాకా. మనుషులు వచ్చి ఆ అడవిలో తిరిగి తాజాగా నరికిన మొద్దులున్నాయా అని చూసేవారు. అసలు తీర్పు చెప్పింది మాత్రం ఆకాశం నుంచి తీసిన ఉపగ్రహ చిత్రాలు. ఆ చిత్రాల్లో ఒక్కొక్క చెట్టు గొడుగు కనిపించేటంత స్పష్టత ఉంది.

2017లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు అచ్చయ్యాయి. డబ్బు ఇవ్వని ఊళ్లలో ఆ కాలంలో చెట్ల విస్తీర్ణం 9.1 శాతం తగ్గింది. ఇచ్చిన ఊళ్లలో 4.2 శాతం. అంటే నూరు ఎకరాల చెట్ల నీడలో దాదాపు ఐదు ఎకరాలు కేవలం ఆ డబ్బు వల్ల నిలిచింది. ఎలాగూ నరకనివాళ్లే డబ్బు తీసుకుని ఉంటే ఈ తేడా వచ్చేదే కాదు. ఇక్కడ చెట్లకు ముప్పుంది, మనిషి నిజంగా నరకబోతున్నాడు. కోస్టారికా ఏటవాలు కొండలకు, ఈ నేలకు ఉన్న తేడా అదే.

ఇంకో అనుమానం కూడా సహజం. తన చెట్లు ఉంచుకుని, ఆ రైతు పక్కనున్న ప్రభుత్వ అడవికి గొడ్డలి తీసుకెళ్లి ఉంటే? కుండకు ఒకచోట చిల్లు మూస్తే ఇంకోచోట కారడం లాంటిది ఇది. పరిశోధకులు దానికోసం కూడా వెతికారు. అలా జరిగిన జాడ దొరకలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఇంకో అంకె. అర్హులైన రైతుల్లో పథకంలో చేరింది దాదాపు మూడో వంతు, 32 శాతం. డబ్బిస్తామన్నా మూడింట రెండు వంతులమంది రాలేదు. చేరినవాళ్లతోనే ఇంత ఫలితం వచ్చింది, అందరూ చేరితే ఎంత వచ్చేదో అని ఒక వైపు ఆశ పుడుతుంది. ఇంకో వైపు ఆస్పత్రి బిల్లు గుర్తుకొస్తుంది. ఏడాది చివర వచ్చే చిన్న మొత్తం, నడిరాత్రి వచ్చిన జ్వరానికి పనికిరాదు. చెట్టు ఆ రైతుకు అక్కరకొచ్చే నగదు పెట్టె అయినప్పుడు, ఆ పెట్టెకు తాళం వేయమని అడిగేవాడు అక్కరకు అప్పు పుట్టే దారి కూడా చూపించాలి కదా. సంరక్షణ పథకాలు రాసేవాళ్లు చెట్టు ధర లెక్కేస్తారు, ఆ చెట్టు ఏ రాత్రి అవసరమవుతుందో లెక్కేయరు.

మరి డబ్బు ఎప్పుడూ మేలే చేస్తుందా? చేయదు. కొలంబియా పల్లెల్లో హువాన్ కామిలో కార్డెనాస్ అనే ఆర్థికశాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక ఆట ఆడించారు. ఆడినవాళ్లు విశ్వవిద్యాలయ విద్యార్థులు కారు, రోజూ అడవిలో కట్టెలు కొట్టుకునే ఊరివాళ్లే. ఎనిమిదేసి మంది ఒక జట్టు. ఏడాదిలో ఎన్ని నెలలు అడవిలో కట్టెలకు వెళ్తావో కాగితం మీద గుట్టుగా రాయాలి. ఎక్కువ నెలలు రాస్తే తనకు ఎక్కువ పాయింట్లు. కానీ అందరూ ఎక్కువ రాస్తే ఊరి నీళ్లు చెడి అందరి పాయింట్లూ తగ్గుతాయి. చివర్లో పాయింట్లకు నిజమైన డబ్బు ఇస్తారు. కొన్ని జట్లను ప్రతిసారీ రాసే ముందు కాసేపు మాట్లాడుకోనిచ్చారు. ఇంకొన్ని జట్లకు బయటివాళ్ల నియమం పెట్టారు: అప్పుడప్పుడు ఒకరిని చీటీ తీసి తనిఖీ చేస్తాం, హద్దు దాటితే జరిమానా.

మాట్లాడుకున్న జట్లు అడవిని తక్కువ వాడాయి. జరిమానా పెట్టిన జట్లు మొదట జడిసి తగ్గించాయి, తర్వాత మెల్లగా హద్దు దాటాయి. చివరికి మాట్లాడుకున్నవాళ్లకంటే స్వార్థంగా ఆడాయి. తనిఖీ ఎప్పుడోగానీ రాదని వాళ్లకు తెలిసిపోయింది. అంతవరకు ‘మన ఊరు, మన నీళ్లు’ అని ఆలోచించిన మనిషి, నియమం వచ్చాక ‘పట్టుబడితే ఎంత, పట్టుబడకపోతే ఎంత’ అని ఆలోచించాడు. జరిమానాకు వర్తించినదే చెల్లింపుకూ వర్తించవచ్చు. మనసుతో చేస్తున్న పనికి ధర కడితే, ధర ఆగిన రోజు పని కూడా ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఈ ప్రమాదాన్ని దాటిన ఒక కథ గుజరాత్ తీరంలో ఉంది. అందులో మనవాళ్లకూ చోటుంది. వేరావల్ రేవు పేరు శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంటికొకరు అక్కడి బోట్లలో పనికి వెళ్లిన ఊళ్లున్నాయి. ‘తండేల్’ సినిమా చూసినవాళ్లకు, 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి 2020 జనవరిలో ఇల్లు చేరిన మత్స్యకారుల సంగతి గుర్తుంటుంది. వాళ్లు బయల్దేరింది వేరావల్ వైపు నుంచే.

ఆ సముద్రంలోకి తిమింగల సొర వస్తుంది. చేపల్లోకెల్లా పెద్దది, పన్నెండు మీటర్లకు పైగా పెరుగుతుంది. మనిషిని కరవదు, నోరు తెరుచుకుని నీటిలోని నలుసులాంటి జీవులను వడపోసి తింటుంది. ఒకప్పుడు దాని కాలేయం నూనె చెక్క పడవలకు పూసేవారు. తర్వాత మాంసానికి విదేశాల్లో గిరాకీ వచ్చింది. కొక్కెం గుచ్చి, అది మునిగిపోకుండా ఖాళీ పీపాలు కట్టి, అలసిపోయేదాకా వెంటాడి ఒడ్డుకు లాగేవారు. ఆ పీపాల వల్ల అక్కడ దానికి ‘బ్యారెల్’ అనే పేరు పడింది. మైక్ పాండే తీసిన డాక్యుమెంటరీ ఈ ఊచకోతను దేశానికి చూపించింది. 2001లో ప్రభుత్వం దాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, పులి పక్కన చేర్చింది.

చట్టం వచ్చింది, సరే. కానీ వలలో తనంతట తాను చిక్కుకున్న సొరను ఏం చేయాలి? దాన్ని విడిపించాలంటే వల కోయాలి. వలంటే అప్పు చేసి కొన్న పెట్టుబడి. ఆ కోత ఒక సీజను సంపాదనను కోసేయగలదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ, టాటా కెమికల్స్ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. రామకథకుడు మొరారీ బాపు ఆ చేపకు ‘వ్హాలీ’ అని పేరు పెట్టాడు. ప్రియమైనది అని అర్థం. ఈ చేప ఇక్కడికి వచ్చేది, కూతురు పురిటికి పుట్టింటికి వచ్చినట్టు. పురిటికి వచ్చిన ఆడబిడ్డను చంపుతామా అని ఆయన అడిగాడు. ఈ మాట ఏ తెలుగు ఇంట్లో చెప్పినా అర్థమవుతుంది.

ఆ మాటతో పాటు అటవీశాఖ కోసిన వలకు పరిహారం కూడా ఇచ్చింది, 25,000 రూపాయల దాకా. మొదట్లో అధికారి పడవలో వచ్చి చూసేదాకా చేపను వలలోనే ఉంచాల్సి వచ్చేది. చేప నలిగిపోయేది, వేటగాడి రోజు పోయేది. తర్వాత మత్స్యకారుల చేతికే కెమెరాలిచ్చారు. ఫోటో తీసి, వల కోసి, చేపను వదిలి, ఒడ్డుకొచ్చి ఫోటో చూపిస్తే చాలు. నువ్వు అబద్ధం చెప్పవు అని ప్రభుత్వం మత్స్యకారుడితో అన్నట్టయింది. వందల తిమింగల సొరలు అలా వల నుంచి బయటపడి సముద్రంలోకి వెళ్లాయి.

ఇక్కడ డబ్బు దేనికిచ్చారో జాగ్రత్తగా చూడండి. ఆడబిడ్డను కాపాడినందుకు బహుమతి ఇవ్వలేదు. చిరిగిన వలకు ఖరీదు కట్టారు. నష్టం పూడింది, ప్రేమకు ధర పడలేదు. కొలంబియా ఆటలో జారిపోయిన సంగతి ఇక్కడ నిలిచిందంటే ఈ తేడా వల్లనే అని నేననుకుంటాను.

ఇప్పుడు మన తీరం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇక్కడ మరబోట్లు, ఇంజను తెప్పలు సముద్రంలోకి వెళ్లకూడదు. చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమది. ఒకప్పుడు ఈ విరామం నెలన్నర మాత్రమే. ఈ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 4,000 నుంచి 2019లో 10,000 రూపాయలకు, 2025లో 20,000 రూపాయలకు పెరిగింది. రోజుకు లెక్కేస్తే ఇప్పుడు దాదాపు 328 రూపాయలు.

ఈ నిషేధం వల్ల చేప ఎంత పెరిగిందో ఉగాండాలోలా తేల్చి చెప్పడం కష్టం. లాటరీ వేసి నిషేధం లేకుండా వదిలేయడానికి బంగాళాఖాతానికి జత సముద్రం లేదు. కోస్టారికాలో చూసిన సంగతి మాత్రం ఇక్కడ స్పష్టంగా వర్తిస్తుంది. ఇంట్లో పొయ్యి వెలిగితేనే నిషేధం నిలబడుతుంది. భృతి వేట విరామం మధ్యలో కాక ముగిశాక వస్తే, ఈలోగా కుటుంబం వడ్డీకి తెస్తుంది. ఆ వడ్డీ తీర్చడానికి జూన్ 15 తెల్లవారే సరికి చిన్న కన్ను వలతో పిల్ల చేపను కూడా తోడుకుంటుంది. ఉగాండా రైతు జ్వరం రాత్రికి, ఈ వడ్డీకి పెద్ద తేడా లేదు. డబ్బు ఎంత అన్నదానితో సమానంగా, ఏ తారీఖున అన్నది కూడా చేప బతుకును తేలుస్తుంది.

ఇంకొక లెక్క ఉంది. భృతి జాబితా పడవను బట్టి, పడవెక్కే మనిషిని బట్టి తయారవుతుంది. పడవ ఆగితే ఒడ్డున బుట్ట కూడా ఆగుతుంది. తెల్లారక ముందే గట్టుకొచ్చి వేలంలో చేప పాడుకుని, ఆటో ఎక్కి ఊళ్లమ్మట అమ్మే ఆడవాళ్లు, ఇసుక మీద చేపలు ఎండబెట్టే ముసలమ్మలు, మంచు గడ్డలు కొట్టే కుర్రాళ్లు, వీళ్లంతా కూడా ఆ 61 రోజులు సముద్రానికి విశ్రాంతి ఇస్తున్నవాళ్లే. వీళ్ల విరామానికి ఎంత కట్టాలో ఆ జాబితా లెక్క వేయదు. మే నెల ఎండలో ఆ గట్టు మీదికి వెళ్తే లాగి పెట్టిన పడవల నీడలో వాళ్లు బోర్లించిన బుట్టల పక్కన కూర్చుని, జూన్ 15కి ఇంకా ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కనిపిస్తారు.